అరకులో అప్పకి టిఫిన్

అరకు వెళ్ళొచ్చామంటే చాలు, వలిసె పూలు చూశారా, పొగమంచు చూశారా, రైలు సొరంగాలెన్ని లెక్కపెట్టారు అని అడుగుతున్నారు. చూశాం బాబూ, అన్నీ చూశాం. కానీ నన్ను కదిపితే నా నోట్లోంచి వచ్చేది ఒక ప్లేటు ఇడ్లీ సంగతే. వెళ్ళని వాళ్ళ కోసం రాస్తున్నాను గనక పూల గురించి కూడా రెండు ముక్కలు రాస్తాను. ఇడ్లీ దగ్గరికొచ్చేసరికి మాత్రం కథ కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి.

నా గురించి ముందే చెప్పేస్తాను. నేను పుట్టు భయస్థుణ్ణి. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు గుమస్తాగా చేసి, టైముకి బడిగంట కొట్టించి కొట్టించి, చివరికి నేనే ఒక గడియారాన్నైపోయాను. బస్సు ఎనిమిదింటికైతే ఏడింటికి స్టాండులో ఉంటాను.

ప్రయాణం నాది కాదు, మా అప్పది. మా విజయనగరం వైపు అక్కని అప్ప అంటాం. అప్ప పేరు పైడితల్లి. ఆడపిల్లల హాస్టల్లో ఇరవయ్యెనిమిదేళ్ళు వంట చేసింది. పొద్దున్న లేస్తే నూట ఇరవై మందికి ఉప్మా. పిల్లలందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది నిలబడి తినడం, అదీ ఆవిడ టిఫిన్. రిటైరైన రోజున శాలువా కప్పి, "ఏటి కావాలమ్మా నీకు?" అని వార్డెన్ మేడమ్ సరదాకి అడిగితే, "అరకెళ్ళి హోటల్లో కూకుని టిఫిన్ తినాలండి, ఎవులో వొండి ఒడ్డించాల" అందట. అందరూ నవ్వేరు. అప్ప నవ్వలేదు.

సంచిలో బిస్కెట్లు

అప్పకి పన్నెండేళ్ళుగా షుగర్. పొద్దున్న, రాత్రి ఇన్సులిన్ సూది. సూది వేసుకున్న అరగంటలో తినాలి. తినకపోతే ఏమవుతుందో డాక్టరుగారు నాకు చెప్పినప్పటి నుంచి నాకే నిద్ర లేదు. అందుకని నేను సంచిలో రెండు బిస్కెట్ ప్యాకెట్లు, పులిహోర డబ్బా, గ్లూకోజు పొడి సర్దుకున్నాను. తెల్లారి శృంగవరపుకోట స్టేషన్లో రైలెక్కి చూస్తే సంచి తేలిగ్గా ఉంది.

"అప్పా, బిస్కెట్లేవీ?"

"తీసీసేను."

"ఓలమ్మో! ఎందుకు తీశావు?"

"ఇంటి తిండి మోసుకెళ్ళి కొండమీద తినడానికి అంత దూరమెందుకురా? ఈపాలి ఒక్క మెతుకు కూడా ఇంటిది వొద్దు. నాను సూది ఎప్పుడేసుకోవాలో నాకు తెల్దా? తిండి కంటితో సూశాకే ఏసుకుంటాను. పన్నెండేళ్ళనుంచి అలగే గదా."

నిజమే. ఇంట్లో అప్ప గడియారం చూడదు. ఇడ్లీ పాత్ర మూత సందులోంచి ఆవిరి వస్తే అప్పుడు సూది తీస్తుంది. డాక్టరు చెప్పిన అరగంట లెక్కకీ ఆ ఆవిరికీ పొంతన ఉండదని నేను గొణుగుతూనే ఉంటాను.

రైలు కొండెక్కుతుంటే పెట్టెలో పిల్లలంతా ఒక్కో సొరంగానికీ ఒక్కో కేక. అప్ప కూడా కేకేసింది. అరవై ఒకటో ఏట! పక్కనున్న గుంట ఒకర్తి ఈవిణ్ణి చూసి సిగ్గుపడి కేకెయ్యడం మానేసింది. నేను మాత్రం ప్రతి సొరంగంలోనూ సంచి గట్టిగా పట్టుకున్నాను. అందులో పోయేదేమీ లేదని తెలిసినా సరే.

బొర్రా దగ్గర బొంగు

బొర్రాలో దిగి గుహలు చూశాం. మెట్లు దిగేటప్పుడు అప్పని నేను పట్టుకున్నాను, ఎక్కేటప్పుడు నన్ను అప్ప పట్టుకుంది. గుహల గురించి చాలామంది చాలా రాశారు, వదిలేస్తాను.

బైట బొంగు చికెన్ కాలుస్తున్నారు. వెదురు గొట్టంలో కోడిమాంసం కూరి, మూతికి ఆకు దోపి, నిప్పుల మీద తిప్పడమే. పావుకిలో బొంగు నూటయాభై అన్నాడు. నాకు గుండె గుభేలుమంది గానీ అప్ప రేటు వినలేదు, పొయ్యి చూస్తోంది. నూనె లేదు, నీళ్ళు లేవు, అయినా అడుగంటలేదు. "నూట ఇరవై మందికి ఇలగ సేత్తే ఎన్ని బొంగులు కావాలి?" అని అడిగింది. అతను వేళ్ళమీద లెక్క మొదలెట్టి మధ్యలో నవ్వేశాడు. "ఎదురు తోపు నరకాలమ్మా" అన్నాడు.

దారి పొడుగునా కాఫీ పళ్ళు ఎర్రగా, చెట్లకి మిరియం తీగలు, లోయలో వలిసె చేలు పసుపు ఆరబోసినట్టు. మా వైపు ఇంటికొచ్చిన వాళ్ళకి ముందు మంచినీళ్ళిస్తాం. ఇక్కడ చలికాలం గదా, ముందు నిప్పు దగ్గరికి జరిగి చోటిస్తారు. ఎవరి నెగడు దగ్గర ఆగినా అంతే. పేరు తర్వాత అడుగుతారు.

ఆ రాత్రి అరకులో చపాతీలు ఆర్డరిస్తే అప్ప ఒకటిన్నర తిని చాలంది. "రేపు పొద్దున్నకి కడుపు కాళీ ఉంచుతాను" అంది. నాకు అప్పుడే భయం పట్టుకుంది.

లాడ్జి కిటికీ

పొద్దున్న ఆరింటికే తయారైపోయింది అప్ప. నీలం అంచు నేత చీర, తలలో బంతిపూవు. పెళ్ళికెళ్తున్నట్టుంది. ఒక హోటలు లాడ్జికి ఎదురుగానే. కిటికీ తీస్తే పొగమంచులో షట్టరు పైకెత్తి ఉంది, వెనకనుంచి పొగ వస్తోంది, పెద్ద గిన్నె మీద ఆవిరి కూడా కనిపించింది.

ఏడూ ఇరవై. నాలో బడిగంట మోగింది.

"అప్పా, సూది వేసేసుకో. కిందకి దిగి, కూర్చుని, ప్లేటు వచ్చేసరికి అరగంటైపోతుంది. డాక్టరుగారు చెప్పిన లెక్క సరిగ్గా సరిపోతుంది."

"కూకున్నాక ఏసుకుంటాన్రా. ప్లేటు రానీ."

"హోటల్లో జనం మధ్య చీర తొలగించుకుని పొడుచుకుంటావా? ఏం బాగుంటుంది? అదిగో ఆవిరి కనిపిస్తోంది గదా. నీ లెక్క, నా లెక్క, రెండూ కుదిరాయి. వేసేసుకో బేగి."

అప్ప కిటికీలోంచి చూసింది. నా మొహం చూసింది. "నీ గోల పడలేను తమ్ముడా" అని వేసేసుకుంది.

కిందకి దిగాం. ఆ గిన్నెలో కాగుతున్నవి వేణ్ణీళ్ళు. టూరిస్టు బస్సు వాళ్ళు స్నానాలకి చెప్పారట. ఆ బస్సులో యాభైమంది, వాళ్ళకే ఉన్న పిండంతా రాసిచ్చేశారు. "గంట పడతాది సార్, పిండి రుబ్బాల" అన్నాడు హోటలాయన, నా మొహం కూడా చూడకుండా.

పది నిమిషాల దారి

ఆ వీధిలో మరో రెండు హోటళ్ళు. ఒకటి తెరవలేదు, రెండోదాంట్లో నిలబడ్డానికి చోటు లేదు. పాన్ డబ్బా ఒకటి తెరిచి ఉంది. "బిస్కెట్లు కొంటానప్పా" అన్నాను. "బిస్కెట్లతో కడుపు నింపీసుకుంటే టిఫినేటి తింటాను? ఒక్క అరగంట ఆగలేనా? హాస్టల్లో పదింటిదాకా ఆగేదాన్ని" అంది. అప్పుడు తినేముందే సూది వేసుకునేదానివి గదప్పా, ఇప్పుడు ముందే వేసేసుకున్నావు అని అనాలి గదా నేను? అనలేదు. పొద్దున్నే ఒక గొడవ పెట్టుకున్నాం, రెండోది ఎందుకనుకున్నాను. నా బుద్ధికి చీపురు తిరగెయ్యాలి.

గంగరాజు అనే ఆటో కుర్రాడు ఆగాడు. "ఊరి బైట రోడ్డు మీద సుందరమ్మ పాక ఉన్నాది బాబూ, ఇడ్లీ దూదిలాగుంటాది. పది నిమిషాలే."

కొండల్లో పది నిమిషాలంటే ఎంతో మీకెవరైనా చెప్పారా? నాకెవరూ చెప్పలేదు. మంచు ఎంత దట్టంగా ఉందంటే ఆటో ముందు చక్రం కనిపించడం లేదు. గంగరాజు తల బైటికి పెట్టి నడుపుతున్నాడు. ప్రతి మలుపులోనూ, "ఇదిగో, ఈ మలుపు దాటితే" అంటున్నాడు. ఎనిమిదయ్యింది. ఎనిమిదీ పది. నేను వాచీ చూడ్డం, అప్పని చూడ్డం, మళ్ళీ వాచీ. ఫోను తీస్తే సిగ్నల్ లేదు.

"బానే ఉన్నావా అప్పా?"

"బానే ఉన్నాన్రా, ఎన్నిసార్లడుగుతావు?"

కసిరింది. అప్ప నన్ను తిడుతుంది గానీ కసరదు. చలికి మేం దుప్పట్లు కప్పుకుని ఉంటే, అప్ప పైపెదవి మీద చెమట.

సుందరమ్మ పాక

రేకుల పాక, రెండు బల్లలు, ఒక పొయ్యి. పొయ్యి దగ్గర నలభై ఏళ్ళ మనిషి సుందరమ్మ. పక్కన నెగడు దగ్గర గోనెపట్టా మీద ఆవిడ అత్త, ముక్కుకి మూడు పోగులు, చేతిలో గ్లాసు. ఇడ్లీ పాత్ర అప్పుడే పొయ్యెక్కింది.

"పది నిమిషాలు బాబూ, కూకోండి" అంది సుందరమ్మ. ఇక్కడా పది నిమిషాలే!

అప్ప కూర్చుంది. బల్ల మీద వేళ్ళు వణుకుతున్నాయి. ఉన్నట్టుండి, "సాంబార్లో నీళ్ళు పొయ్యకండే, ఇంకా ఎనభైమంది ఉన్నారు" అంది.

"అప్పా?"

"వరస తప్పకండే. సిన్నగుంటలు ముందు."

కళ్ళు నా మీదే ఉన్నాయి గానీ నన్ను చూడ్డం లేదు. లేచి అరిచాను.

"అమ్మా, బేగి! మా అప్పకి షుగరు! షుగర్ తగ్గిపోయింది!"

సుందరమ్మ చక్కగా నవ్వింది. "తగ్గిపోనాదా? మంచిదే గదా బాబూ! మా మరిదికి మూడొందలు దాటిపోనాది, ఎన్ని మాత్రలేసినా తగ్గట్లేదు. మీరేటి మందు వోడినారు?"

"అయ్యో అది కాదమ్మా! షుగరు... షుగరు కావాలి... మా అప్పకి షుగరుంది..."

"ఉన్నాదా? మరి తగ్గిపోనాదంతన్నారు?" అంటూనే తన చేతిలో ఉన్న టీ గ్లాసు వంక చూసుకుంది. అప్ప కోసమే పోసింది, పొగలు కక్కుతోంది. "అయ్యబాబోయ్, ముందే సెప్పినారు కాదు! దీన్నిండా పంచదారే. ఆగండి, సప్ప టీ ఎడతాను." అని ఆ గ్లాసు పట్టుకెళ్ళి గంగరాజు చేతిలో పెట్టేసింది. గంగరాజు ఊదుకుని ఒక గుక్క తాగేశాడు.

నేను చూస్తూనే ఉన్నాను. పంచదార! ఆ మాట ఆవిడ నోట్లోంచి వచ్చింది, నా చెవిలో పడింది, నా నోటికి మాత్రం రాలేదు. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో షుగరంటే జబ్బు. అది పెరిగితే ఏడుపు, తగ్గితే సంతోషం. తగ్గిపోయి మనిషి చచ్చిపోతుందని ఎవరికైనా ఎలా చెప్పాలి? "గ్లాసు, గ్లాసు" అని చెయ్యి చాపుతున్నాను. "మీకూ పోత్తాను బాబూ, కంగారెందుకు?" అంటోంది సుందరమ్మ. పాపం ఎంత మర్యాదగా అంటోందో!

అప్ప తల బల్ల మీదకి ఒరిగింది.

అప్పుడు నెగడు దగ్గర ముసలమ్మ లేచింది. లేవడం కూడా నెమ్మదిగా, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. వచ్చి అప్ప గెడ్డం ఎత్తి మొహంలోకి చూసింది. అరచేత్తో నుదుటి చెమట తుడిచి, ఆ చెయ్యి ఒకసారి చూసుకుంది. కోడలితో వాళ్ళ భాషలో ఏదో గట్టిగా అని, నా వైపు తిరిగి తెలుగులో రెండే మాటలు చెప్పింది.

"రోగం కాదు. ఆకలి."

తను తాగుతున్న గ్లాసు అప్ప మూతికి పెట్టింది. బెల్లం వేసి కాచిన నల్లటీ, ఆవిడ సగం తాగగా మిగిలింది.

ఒకటి దాచకుండా రాస్తాను. ఆ క్షణంలో నాకొచ్చిన ఆలోచన 'ఎంగిలి' అని. మా అప్ప నా గ్లాసులో నీళ్ళు తాగదు. పండగపూట ఇంట్లో ఎవరైనా రుచి చూసిన గరిటె కూరలో పెడితే ఆ కూర ముట్టదు. ఎదురుగా ప్రాణం పోతుంటే నా బుర్రలోకొచ్చింది ఇది! ఛీ అనిపించింది. అప్ప మాత్రం ఏమీ ఆలోచించే స్థితిలో లేదు. తల్లి దగ్గర పాలు తాగే బిడ్డలాగ తాగింది. కొంత గెడ్డం మీద కారింది. ముసలమ్మ తన కొంగుతో తుడిచి, కోడలిచేత బెల్లం గెడ్డ తెప్పించి, చిదిపి నోట్లో పెట్టింది. మళ్ళీ టీ. మళ్ళీ బెల్లం.

ఎంతసేపైందో చెప్పలేను. నా జన్మలో వాచీ చూడని సమయం అదొక్కటే.

"ఏటిరా" అంది అప్ప. "ఎందుకలా ఏడుత్తన్నావు? ఎవులైనా పోనారా?"

నేను నిజంగానే ఏడుస్తున్నాను, ముక్కు కారిపోతోంది. గంగరాజు ఖాళీ గ్లాసు వెనక దాచుకున్నాడు, దొంగతనం చేసినవాడిలాగ. సంగతి అర్థమయ్యాక సుందరమ్మ నెత్తి కొట్టుకుంది. "పంచదార అనాలి గదా బాబూ! షుగరు షుగరంతే నాకేటి తెలుత్తాది! నాను సేతులారా..." అని కూలబడిపోయింది. నేను ఆవిణ్ణి ఓదార్చాలో, ఆవిడ నన్ను ఓదార్చాలో తెలియలేదు.

అలసట తీరాక ముసలమ్మని అడిగాను, ఎలా తెలిసిందమ్మా అని. ఆవిడకి నా ప్రశ్నే అర్థం కాలేదు. సుందరమ్మ వాళ్ళ భాషలో అడిగి చెప్పింది. "ఆకలి మొకం తెలక పోడమేటి అంతన్నాది బాబూ. పూర్వం ఆరుద్ర కార్తెలో గింజలైపోతే, ఇళ్ళల్లో సగంమంది అలగే ఉండీవోరంట. సెమట పట్టీసి, పిచ్చి మాటలాడీసి. ఇద్దరు పిల్లలు ఆ వొడిలోనే పోనారంట ఆవిడకి."

ముసలమ్మ నెగడు ఎగదోస్తోంది. మేం తన గురించే మాట్లాడుకుంటున్నామని కూడా పట్టించుకోలేదు.

ఇడ్లీ వచ్చింది. నాలుగు ఇడ్లీలు ముప్పై రూపాయలు, పల్లీ చట్నీ, అల్లం ముక్కలేసిన సాంబారు. సుందరమ్మ దగ్గర నిలబడి వడ్డించింది. అప్ప నాలుగూ తిని, మళ్ళీ రెండు వేయించుకుని, "చట్నీలో చింతపండు ఓ పిసరు తగ్గించమ్మా" అని సలహా కూడా ఇచ్చింది. నేను ఒక్కటి కూడా ముట్టలేదు. ఇడ్లీ దూదిలా ఉందో లేదో మీరే వెళ్ళి తిని చెప్పాలి.

ఇంటికొచ్చాక

ఆ పూటే తిరుగు రైలెక్కేశాం. మిగతా అరకు అలాగే ఉండిపోయింది. ఇంటికొచ్చి విషయం చెప్పగానే మా ఆవిడ కుమారి అప్ప మీద విరుచుకుపడింది.

"తిండి కళ్ళచూడకుండా సూదేసుకోడమేటి ఒదినా? అంత తొందరేటొచ్చింది?"

నేను నోరు తెరిచాను. ఈలోపే అప్ప అందుకుంది.

"నాదే తప్పు కుమారీ. హోటలు టిఫిన్ మీద యావకొద్దీ నానే గుచ్చీసుకున్నాను. తమ్ముడు వొద్దు వొద్దు అంతానే ఉన్నాడు, నాను వింటేనా?"

నా వైపు చూడలేదు. తలలోంచి వాడిపోయిన బంతిపూవు తీసి గుమ్మం పక్కన పడేసి, కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళిపోయింది. నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

అప్పటినుంచి వీధిలో అందరికీ ఇదే కథ. చుట్టాలొస్తే ఇదే కథ. "తమ్ముడంటే అలగుండాలి, కొండల్లో దిక్కులేని చోట అప్ప ప్రాణం నిలబెట్టినాడు" అంటున్నారు. పోయిన వారం డాక్టరుగారు కూడా నా భుజం తట్టి, అప్పకి నాలుగు చీవాట్లు పెట్టారు. అప్ప తలొంచుకుని విని, "ఇక సెయ్యనండి" అంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

సూది వేసుకోమన్నది నేను. ప్లేటు రానీ అన్నది అప్ప.

ఇది అచ్చయితే ఆ పత్రిక మా ఇంటికీ వస్తుంది. అప్పకి చదువు రాదు. ఏదొచ్చినా నేనే చదివి వినిపించాలి, కుమారి కూడా పక్కనే కూర్చుని వింటుంది. లాడ్జి కిటికీ దగ్గరికొచ్చేసరికి నా గొంతు ఏమవుతుందో అని ఇప్పట్నుంచే భయంగా ఉంది.